తుపాకి దానంతట అదే పేలదు

తుపాకుల గురించి ఒక సందేశం ఈమధ్య బాగా తిరుగుతోంది. అందులో ఉన్న సంగతులు క్లుప్తంగా ఇవి. తుపాకి పొరపాటున పేలడం కొత్తవాళ్ల చేతుల్లోనే జరుగుతుంది. మ్యాగజైన్, అంటే తూటాలు పేర్చే పెట్టె, తీసేస్తే తుపాకి ఖాళీ అయినట్టే. సేఫ్టీ, అంటే పేలకుండా ఆపే మీట, వేసి ఉంటే భయం లేదు. కింద పడితే మాత్రం పేలుతుంది కాబట్టి జారుతుండగానే పట్టుకోవాలి. ఉత్తుత్తి తూటాలూ, గాల్లోకి కాల్చే తూటాలూ ఎవరికీ హాని చేయవు. ఇంత జాగ్రత్త పడ్డా పేలిందంటే అది యంత్రం తప్పు, దాన్ని బయట చెప్పుకుని పరువు తీసుకోవద్దు.

దీన్ని నమ్మి తుపాకి పట్టుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల చుట్టూ పిల్లలూ ఉంటారు. అందుకే ఈ ఖండన.

"కొత్తవాళ్లకే జరుగుతుంది" అన్నదానికి జవాబు అమెరికాలోని ఓర్లాండోలో దొరుకుతుంది. 2004 ఏప్రిల్‌లో అక్కడ మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ ఏజెంట్ ఒకాయన పిల్లలకూ, పెద్దలకూ తుపాకి భద్రత గురించి ప్రసంగిస్తున్నాడు. పిస్టల్ ఖాళీగా ఉందని చూపించాడు. ఈ గదిలో దీన్ని పట్టుకునేంత వృత్తి నైపుణ్యం తనకొక్కడికే ఉందన్నాడు. కాసేపటికే అది పేలి ఆయన తొడకే తగిలింది. ఆ వీడియో బయటకు రావడంతో పరువు పోయిందని ప్రభుత్వం మీద దావా వేశాడు, గెలవలేదు. అయితే ఆయన చేసిన పనుల్లో ఒకటి మాత్రం సరిగ్గా ఉంది. పేలిన క్షణంలో గొట్టం పిల్లల వైపు లేదు. ఆ సంఘటన ఇవాళ శవపరీక్ష నివేదికగా కాక వీడియోగా మిగలడానికి కారణం అదే.

అంతకు చాలా ముందు, 1876 జనవరిలో, అమెరికాలోని విచిటా పట్టణంలో పోలీసుగా ఉన్న వయట్ ఎర్ప్ సెలూన్‌లో కూర్చుని ఉండగా రివాల్వర్ ఒరలోంచి జారి పడి పేలింది. తూటా ఆయన కోటును చీల్చి, గోడకు తగిలి, పైకప్పులోంచి పోయిందని స్థానిక పత్రిక రాసింది. తుపాకి వీరుడిగా చరిత్రకెక్కిన మనిషి ఆయన. కొత్తవాడికి భయం ఉంటుంది, భయం కొద్దీ ప్రతిసారీ తుపాకి వైపు చూస్తాడు. అలవాటైనవాడి చేతులు పని ముగించేస్తాయి, కళ్లు మాత్రం తూటా కూర్చునే ఛాంబర్ వైపు వెళ్లవు. చూశానన్న నమ్మకం మిగులుతుంది, చూడటం జరగదు. నేర్చుకునే దశ దాటిన వాళ్ల గురించే నాకు ఎక్కువ బెంగ.

మ్యాగజైన్ సంగతి మిగతా అన్నిటికన్నా ప్రమాదకరమైన అబద్ధం, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో తూటాలు రెండు చోట్ల ఉంటాయి. పిడిలో దూర్చే మ్యాగజైన్‌లో కొన్ని, గొట్టం మొదట్లో ఉండే ఛాంబర్‌లో ఒకటి. మ్యాగజైన్ లాగేసినా ఛాంబర్‌లోని తూటా అక్కడే ఉంటుంది, చాలా పిస్టళ్లలో ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది కూడా. బ్రౌనింగ్ హై పవర్ లాంటి కొన్నింటిలో మ్యాగజైన్ లేకపోతే పేలకుండా ఆపే ఏర్పాటు ఉంది. చేతిలో ఉన్నది ఏ రకమో చూసేవాడికి తెలియదు, దాన్ని నమ్ముకోవడానికి వీల్లేదు. షికాగో అనే రాక్ బ్యాండ్ గిటారిస్టు టెర్రీ కాథ్ 1978 జనవరిలో స్నేహితుడి ఇంట్లో ఖాళీ మ్యాగజైన్ చూపించి, భయపడకు ఇందులో ఏమీ లేదని భరోసా ఇస్తూనే పిస్టల్ తలకు పెట్టుకుని నొక్కాడు. ఛాంబర్‌లో తూటా ఉంది. అప్పటికి ఆయన వయసు 31.

ఖాళీ చేసే క్రమంలోనూ పెద్ద పొరపాటు జరుగుతుంది. ముందు స్లైడ్, అంటే పిస్టల్ మీద వెనక్కీ ముందుకీ జరిగే పై భాగం, లాగి, ఆ తర్వాత మ్యాగజైన్ తీసేవాళ్లు ఉంటారు. స్లైడ్ లాగగానే పాత తూటా బయటికి ఎగిరిపడుతుంది. అది కళ్లారా కనిపిస్తుంది కాబట్టి ఖాళీ అయిందని మనసు ఒప్పేసుకుంటుంది. కానీ స్లైడ్ తిరిగి ముందుకు వెళ్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాను ఛాంబర్‌లోకి నెట్టేస్తుంది. ఇప్పుడు మ్యాగజైన్ తీస్తే మిగిలేది నిండు తుపాకి, ఖాళీ అన్న గట్టి నమ్మకం. శుభ్రం చేయడానికి విప్పాలంటే గ్లాక్ లాంటి పిస్టళ్లలో ముందు ట్రిగ్గర్ నొక్కక తప్పదు. ఇంట్లో గోడలకూ, అరచేతులకూ రంధ్రాలు పడేది చాలాసార్లు ఇక్కడే. మ్యాగజైన్ ముందు తీయాలి, తర్వాత స్లైడ్ లాగి పట్టుకోవాలి, ఛాంబర్‌లోకి కంటితో చూడాలి, చీకటిగా ఉంటే వేలు పెట్టి తడమాలి. ఇంకోసారి చూడటానికి అభ్యంతరపడేవాడి చేతిలోంచి తుపాకి తీసుకోవడమే మంచిది.

సేఫ్టీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది ఒక చిన్న లోహపు ముక్క. అరుగుతుంది, దుస్తులకు రాసుకుని జరుగుతుంది. చాలా రివాల్వర్లకు అసలు ఉండదు. మామూలు గ్లాక్‌లకు బొటనవేలితో వేసే సేఫ్టీ లేదు, ట్రిగ్గర్ మీదే చిన్న మీట ఉంటుంది. వేలు పడితే రెండూ కలిసే కదులుతాయి.

జారుతున్న తుపాకిని పట్టుకోవాలన్న సలహా ప్రాణాంతకం. ఇప్పటి పిస్టళ్లలో ఎక్కువ భాగం ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే తప్ప తూటాను పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్ ముందుకు కదలకుండా అడ్డు ఉంటుంది. నేల మీద పడితే సాధారణంగా పేలవు. గాల్లో ఉన్న దాన్ని అందుకోబోయే వేళ్లు ఎక్కడ పడతాయో ఎవరి అదుపులోనూ ఉండదు. 2018 జూన్‌లో డెన్వర్‌లోని ఒక బార్‌లో, డ్యూటీలో లేని ఎఫ్‌బీఐ ఏజెంట్ ఒకడు నాట్యం చేస్తూ వెనక్కి పిల్లిమొగ్గ వేశాడు. నడుము దగ్గరి పిస్టల్ జారి నేల మీద పడింది. పడినప్పుడు అది పేలలేదు. ఆత్రంగా వంగి తీసుకుంటున్నప్పుడు పేలి, అక్కడున్న ఒక మనిషి కాలికి తగిలింది. 2008 నవంబరులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ప్లాక్సికో బరెస్ న్యూయార్క్ నైట్‌క్లబ్‌లో ఒర లేకుండా నడుముకు గ్లాక్ దోపుకున్నాడు. అది జారుతుంటే ఆపబోయాడు. తూటా తొడలోంచి పోయింది. చెల్లుబాటయ్యే లైసెన్సు లేనందుకు రెండేళ్ల జైలు శిక్ష కూడా పడింది. పడేదాన్ని పడనివ్వాలి, నిలకడగా ఆగాక పిడి పట్టుకుని, ట్రిగ్గర్‌కు దూరంగా వేలు చాచి తీయాలి. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే ఒర లేకుండా తుపాకి నడుముకు పెట్టుకోకూడదు.

వేలి విషయంలో మనసు మీద నమ్మకం పెట్టుకునే వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. శరీర చలనాలను అధ్యయనం చేసే రోజర్ ఎనోకా 2003లో ఈ అంశం మీదే ఒక వ్యాసం రాశారు. హఠాత్తుగా ఉలిక్కిపడినప్పుడు, కాలు జారి తూలినప్పుడు, ఒక చేత్తో దేన్నయినా గట్టిగా పట్టుకుంటే రెండో చేయీ బిగుసుకున్నప్పుడు, మన ఇష్టం లేకుండానే వేళ్లు ముడుచుకుంటాయి. గ్లాక్ ట్రిగ్గర్‌కు సుమారు రెండున్నర కిలోల ఒత్తిడి చాలు. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడిన చేయి అంత ఒత్తిడి తేలిగ్గా పెడుతుంది. అలాంటప్పుడు సంకల్ప బలం పనికిరాదు. ట్రిగ్గర్ కవచం బయట, ఫ్రేము మీద చాచి ఉన్న వేలే కాపాడుతుంది.

యంత్రం తప్పు ఎప్పుడూ ఉండదా అంటే, ఉంటుంది. ఈ ఒక్కచోట ఆ సందేశంలో కొంత నిజం ఉంది. ప్రతిసారీ హ్యామర్‌ను, అంటే తూటాను కొట్టే సుత్తిని, చేత్తో వెనక్కి లాగాల్సిన పాత సింగిల్ యాక్షన్ రివాల్వర్లలో ఆ హ్యామర్ నిండు తూటా మీద ఆని ఉంటే పడినప్పుడు పేలతాయి, ఎర్ప్‌కు జరిగింది అదే. ఆరు గదుల్లో అయిదే నింపి, హ్యామర్‌ను ఖాళీ గది మీద ఆనించడం అందుకే అలవాటైంది. రూగర్ కంపెనీ 1973లో మార్చిన నమూనాలో ఈ లోపాన్ని సరిదిద్దింది. సిగ్ సావర్ పీ 320 పిస్టల్ కొన్ని కోణాల్లో పడితే పేలుతోందని తేలాక ఆ కంపెనీ 2017 ఆగస్టులో ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించింది. కానీ లోపమున్న తుపాకి కూడా గొట్టం చూపించిన వైపే కాలుస్తుంది. అమెరికా తుపాకి శిక్షకుడు జెఫ్ కూపర్ కూర్చిన నాలుగు నియమాల బలం ఇక్కడే తెలుస్తుంది. ప్రతి తుపాకీ నిండి ఉందనే భావించాలి. నాశనమైనా ఫర్వాలేదనుకున్న దాని వైపు తప్ప గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. లక్ష్యమేదో, దాని వెనక ఏముందో తెలియాలి. మామూలుగా ఒకటి తప్పినా మిగతావి కాపాడతాయి. రెండు మూడు ఒకేసారి తప్పితే మనిషి నేలకూలతాడు. అన్నీ మర్చిపోయేంత ఒత్తిడిలో ఒక్కటే గుర్తు పెట్టుకోగలిగితే గొట్టం నియమం గుర్తు పెట్టుకోమంటాను.

నాలుగో నియమం తప్పితే ఏమవుతుందో 2006 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ టెక్సాస్‌లో పిట్టల వేటలో, ఎగిరిన పిట్టతో పాటు తుపాకి తిప్పి, తోటి వేటగాడు హ్యారీ విట్టింగ్టన్ ముఖంలో, మెడలో, ఛాతీలో వేట తుపాకి రవ్వలు దించాడు. విట్టింగ్టన్ వయసు 78. గుండె దగ్గర చేరిన రవ్వ వల్ల స్వల్ప గుండెపోటు కూడా వచ్చింది. కొన్ని రోజుల తర్వాత టీవీలో చెనీ ట్రిగ్గర్ నొక్కింది తానేనని ఒప్పుకున్నాడు. తుపాకి మీదికి నెట్టలేదు.

ఉత్తుత్తి తూటాల సంగతి. వాటిలో లోహపు ముక్క లేదు గానీ మందు ఉంటుంది. మండిన మందు వాయువు దగ్గర నుంచి సుత్తిదెబ్బలా తగులుతుంది. 1984 అక్టోబరులో నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్ షూటింగ్ విరామంలో సరదాకు కణతకు పెట్టుకుని నొక్కాడు. పుర్రె పగిలి, ఎముక ముక్క మెదడులోకి దిగింది. ఆరు రోజులకు చనిపోయాడు. 1993 మార్చిలో నటుడు బ్రాండన్ లీ షూటింగ్‌లో మరణించడం ఇంకో రకం. ముందొక దృశ్యానికి వాడిన, మందు లేని డమ్మీ తూటా మొన గొట్టంలో ఇరుక్కుపోయింది, ఎవరూ చూడలేదు. తర్వాత వేసిన ఉత్తుత్తి తూటా దాన్ని నిజం తూటాలా తోసింది. షూటింగ్ రేంజిలోనూ ఇదే పాఠం. కాల్చినప్పుడు శబ్దం బలహీనంగా, టుప్పుమని వస్తే ఇంకోటి కాల్చకూడదు. ఆగి, ఖాళీ చేసి, గొట్టంలో ఏమైనా ఇరుక్కుందేమో చూడాలి. లేకపోతే తర్వాతి తూటాతో గొట్టమే పగలవచ్చు.

గాల్లోకి కాల్చిన తూటా మాయమైపోదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైన్యంలోని జూలియన్ హాచర్ చేసిన ప్రయోగాల్లో, నిట్టనిలువుగా కాల్చిన రైఫిల్ తూటా సెకనుకు సుమారు 90 మీటర్ల వేగంతో దిగిందని తేలింది. చర్మాన్ని చీల్చడానికి దాదాపు 60 చాలు. ఏటవాలుగా పోయిన తూటా ఇంకా ఎక్కువ వేగంతో వస్తుంది. 1999లో ఫీనిక్స్‌లో ఇలాంటి తూటా తగిలి 14 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. మరుసటి ఏడాది అరిజోనా రాష్ట్రం దీన్ని తీవ్ర నేరంగా మార్చే చట్టం తెచ్చింది.

చివరిది, బయట చెప్పుకోవద్దన్న మాట. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే. పేలిన వెంటనే సిగ్గుతో తుపాకి దాచేయబోతే, అదే కంగారులో రెండోసారి పేలవచ్చు. గొట్టం ఉన్న వైపే ఉంచి, వేలు తీసి, మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ చేయాలి. తూటా ఎటు పోయిందో వెతకాలి. అది పలుచని గోడలను దాటి పోతుంది కాబట్టి పక్క గదికీ, పక్కింటికీ వెళ్లి ఎవరికైనా తగిలిందేమో అడగాలి. తగిలితే అంబులెన్సు పిలిచి, వచ్చేదాకా రక్తం కారే చోట గట్టిగా అదిమి పట్టాలి. పోలీసులకు తెలియజేయాలి. తర్వాత, తనతో పాటు కాల్చే వాళ్లందరికీ తన వేలు ఎక్కడుందో, ఏ అడుగు దాటేశాడో ఉన్నదున్నట్టు చెప్పాలి. "అదే పేలింది" అంటే విన్నవాళ్లకు నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. "మ్యాగజైన్ తీయకముందే స్లైడ్ లాగాను" అంటే, ఆ సాయంత్రమే వాళ్లు తమ చేతుల క్రమం సరిచూసుకుంటారు.