మూడో అంతస్తు సొమ్ము తల్లి గడపకు చేరాలి

నరసాపురం దరిదాపుల్లో పిల్లల ఆశ్రమం నడిపే ఒక క్రైస్తవ సేవాసంస్థ ఉంది. 1996 నవంబరు తుపాను కోనసీమను నేలమట్టం చేసిన తర్వాత, ఒక పాస్టర్‌గారి పెంకుటింటి వసారాలో ఏడుగురు పిల్లలతో అది మొదలైంది. ఇప్పుడు రెండంతస్తుల డాబా, విడిగా భోజనాల హాలు, నూటికి పైగా పిల్లలు. మొన్నటి కోతకాల పండుగ ఆరాధనలో మూడో అంతస్తుకు కానుకలు అడిగారు. సంఘమంతా సంతోషంగా ఆమేన్ అంది. నాకు నోరు పెగలలేదు.

ఆ సంస్థ పేరు రాయడం లేదు. రాస్తే చర్చ ఆ ఒక్క ప్రహరీ లోపలే ఆగిపోతుంది. ఆ పాస్టర్‌గారి నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. ఆయన భార్య, అమ్మగారి చేతి అన్నం తిని ప్రయోజకులైనవారు నాకు తెలుసు. పాలకొల్లు నుంచి అమలాపురం దాకా, రాజోలు నుంచి రామచంద్రపురం దాకా ఇలాంటి వసారాలు ఎన్నో డాబాలయ్యాయి, డాబాలకు అంతస్తులు లేచాయి. దాన్ని మనం ఎదుగుదల అంటున్నాం. నా పేచీ ఆ మాటతోనే. ఆసుపత్రిలో మంచాలు పెరిగాయంటే ఊళ్ళో జబ్బులు పెరిగాయేమో అని అడుగుతాం కదా, పిల్లల ఆశ్రమంలో మంచాలు పెరిగితే ఆ ప్రశ్న ఎందుకు అడగం?

ఆ నూరుమందిలో తల్లీ తండ్రీ ఇద్దరూ లేనివారు కొద్దిమందే. గేటు మీద బోర్డు 'అనాథ' అని చెబుతుంది. ఆదివారం మధ్యాహ్నం వార్డెన్ గదికి వెళ్ళి చూడండి. కువైట్ నుంచి, మస్కట్ నుంచి అమ్మ చేసే వాట్సాప్ కాల్ కోసం పిల్లలు వరసలో నిలబడి ఉంటారు. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. ఇది ఒక్క డెల్టా సంగతే కాదు. 2020 సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు లేఖ రాసి, సంరక్షణ గృహాల్లోని పిల్లలను వాళ్ళ కుటుంబాలకు చేర్చమని కోరింది. ఆ ఎనిమిదిలో ఆంధ్రప్రదేశ్ ఉంది. దేశం మొత్తం మీద ఇళ్ళకు దూరంగా ఆ గృహాల్లో ఉన్న 2.56 లక్షల మందిలో 1.84 లక్షల మంది ఈ ఎనిమిది రాష్ట్రాల్లోనే ఉన్నారన్నది అప్పటి లెక్క. ఆ లేఖ మీద అప్పట్లో మతం రంగు పులిమిన చర్చే ఎక్కువ జరిగింది. అసలు ప్రశ్న, అమ్మ ఉన్న పిల్లవాడు ఆశ్రమంలో ఎందుకున్నాడన్నది, ఆ గోలలో కొట్టుకుపోయింది.

నేనూ బోర్డింగులో చదివినవాడినే. గోదావరి జిల్లాల్లో ఆ మాటకు వివరణ అక్కర్లేదు. మిషన్ బోర్డింగు లేకపోతే నా తరం దళిత కుటుంబాల్లో చాలామందికి పదో తరగతి అందేది కాదు. ఆ రుణం తీరేది కాదు, తీర్చుకున్నానని ఎన్నడూ అనను. కాని ఒక దృశ్యం నన్ను వదలదు. మా అందరికీ రేకు ట్రంకు పెట్టెలుండేవి. మూత మీద తెల్లరంగుతో పేరు, కింద ఊరు. క్రిస్మస్ సెలవులకు అందరి పెట్టెలూ వెళ్ళిపోయాక గోడ వార మూడు పెట్టెలు మిగిలేవి. ఆ ముగ్గురిలో ఒకడు బస్సు హారన్ వినబడ్డప్పుడల్లా గేటు దాకా పరిగెత్తేవాడు. వాడికి తల్లి ఉంది. ఊరు పదిహేను కిలోమీటర్లు. ఛార్జీ డబ్బులు లేక, పండగకు పిల్లవాడికి కొత్త చొక్కా కొనలేక, మొహం చెల్లక ఆమె రాలేదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. వాడికి ఏడాది పొడుగునా అన్నం పెట్టిన బోర్డింగులో, ఆ తల్లికి ఒక బస్సు టిక్కెట్టు కొనాలని ఎవరికీ తోచలేదు. తోచకపోవడానికి కారణం కాఠిన్యం కాదు. లెక్కల పుస్తకంలో తల్లికి పద్దు లేదు.

ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో మన సంఘాలవారికి తెలుసు. విదేశీ దాత ఒక బిడ్డ ఫోటో చూసి, ఆ బిడ్డ పేరు మీద నెలనెలా పంపేవాడు. తలకింత. తల పెరిగితే సొమ్ము పెరుగుతుంది, తల ఇంటికి వెళ్తే సొమ్ము ఆగుతుంది. ఆ కాలం దాదాపుగా అయిపోయింది. మన దేశంలో 1,40,000 మందికి పైగా పిల్లలకు సాయమందించిన అమెరికా క్రైస్తవ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్ 2017 మార్చిలో ఇక్కడి పని ముగించుకుంది. 2020లో విదేశీ విరాళాల చట్టానికి వచ్చిన సవరణ, ఒక సంస్థ తెచ్చుకున్న విదేశీ సొమ్మును మరో సంస్థకు పంచడాన్ని నిషేధించింది. అది న్యాయమా అన్యాయమా అన్న వాదనలోకి ఇప్పుడు వెళ్ళను. ఈనాడు డెల్టాలో లేచే అంతస్తుల్లో మన దశమభాగాలున్నాయి, పుట్టినరోజు కానుకలున్నాయి, గల్ఫ్‌లో గిన్నెలు తోమిన చేతుల కృతజ్ఞతార్పణలున్నాయి. సొమ్ము మనది అయినప్పుడు పాత దాత నేర్పిన తల లెక్క మనకెందుకు?

చరిత్ర కూడా నా వైపే ఉంది. నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా ఎదిగిన గోదావరి డెల్టా మిషన్ కథ 1836తో మొదలవుతుంది. ఆ ఏడాది మిషనరీ ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు ఇంగ్లండ్ నుంచి బయలుదేరాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో, గ్రోవ్స్ సోదరిని పెళ్ళాడిన జార్జ్ ముల్లర్ బ్రిస్టల్ నగరంలో అనాథ బాలికల కోసం మొదటి ఇల్లు తెరిచాడు. 1870 నాటికి ఆ నగరంలోని ఆష్లీ డౌన్‌లో అయిదు మహా భవనాలు, 2,050 మందికి చోటు. ప్రార్థనతోనే రొట్టె సంపాదించిన ముల్లర్ కథ వినని సంఘం ఈ డెల్టాలో ఉండదు. ఎంతోమంది పాస్టర్లు పిల్లల గృహం తలపెట్టింది ఆ కథ విన్న రాత్రే. అయితే ప్రసంగాల్లో కథ అక్కడికే ఆగిపోతుంది. ముల్లర్ వారసులు 1958లో ఆ అయిదు భవనాలనూ నగర పాలక సంస్థకు అమ్మేశారు. కొద్దిమంది పిల్లలు ఒక కుటుంబంలా ఉండే చిన్న ఇళ్ళకు మారారు. ముల్లర్ నుంచి భవనాలు నేర్చుకున్న మనం, ఆ భవనాలను వదులుకున్న పాఠం మాత్రం నేర్చుకోలేదు.

వాక్యం దగ్గరికే వద్దాం. ప్రతి ఆశ్రమం గోడ మీదా యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 27వ వచనం రాసి ఉంటుంది. నిష్కళంకమైన భక్తి అంటే "దిక్కులేని పిల్లలను విధవరాండ్రను వారి యిబ్బందిలో పరామర్శించుట" అని. ఎన్నో ఏళ్ళు ఆ గోడ కింద కూర్చుని అన్నం తిన్నాను, ఆ వాక్యం సరిగ్గా చదివింది ఇటీవలే. అందులో పిల్లలూ విధవరాలూ ఒక్క ఊపిరిలో ఉన్నారు. వాళ్ళను విడదీయలేదు. మనం బిడ్డను తీసుకుని తల్లిని గేటు బయట వదిలేశాం. ఇక పరామర్శ అంటే మనం లేచి వెళ్ళడం. ఇబ్బంది ఎక్కడుందో అక్కడికి, ఆ గడపకు. ఇబ్బందిలో ఉన్నవారిని మన గేటు దగ్గరికి రప్పించుకోమని అక్కడ లేదు.

ఇప్పుడు చట్టం కూడా ఆ దారినే చూపిస్తోంది. బాలల న్యాయ చట్టం 2015 ప్రకారం సంరక్షణ గృహం చిట్టచివరి ఆసరా. కేంద్రం బాలల కోసం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద, పేదరికంలో ఉన్న తల్లి దగ్గరో అమ్మమ్మ దగ్గరో పెరిగే అర్హుడైన పిల్లవాడికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. నిజంగా ఎవరూ లేని బిడ్డకు ఫోస్టర్ కేర్ ఉంది: బాలల సంక్షేమ సమితి పరిశీలించి, ఒక కుటుంబానికి ఆ బిడ్డ పెంపకం అప్పగిస్తుంది. 2024లో కేంద్రం మార్చిన మార్గదర్శకాలు 35 ఏళ్ళు దాటిన ఒంటరివారికీ ఆ అవకాశమిచ్చాయి. పెళ్ళికానివారు, విడాకులు పొందినవారు, భర్త పోయినవారు కూడా బిడ్డను పెంచుకోవచ్చు.

భర్త పోయినవారు! నన్ను నిద్రపోనివ్వని మాట ఇదే. మన మందిరంలో ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో కూర్చునే ఆమెను గుర్తు తెచ్చుకోండి. యాభై దాటలేదు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం, కూతురు అత్తవారింట. నాలుగు గదుల ఇంట్లో ఒక్కతే. ప్రతి ప్రార్థన కూటంలో ఒంటరితనం గురించే ప్రార్థించమంటుంది. ఆమెకు అయిదు వీధుల అవతల, ఆశ్రమంలో నూటొకటో మంచం కోసం ఎదురుచూసే బిడ్డ. వచనం జతకలిపిన ఆ ఇద్దరినీ చట్టం ఇప్పుడు ఒకే ఇంట్లో ఉంచనిస్తోంది. వాళ్ళిద్దరినీ ఒకరికొకరిని చూపించగల స్థలం ప్రభుత్వం దగ్గర లేదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఉన్న కొద్దిమంది సిబ్బంది ఎన్ని ఇళ్ళు తిరగగలరు? ఆదివారం ఉదయం మన మందిరంలో మూడు వందల కుటుంబాలు ఒక్క చోట కూర్చుంటాయి. ఎవరి ఇంట్లో ఏముందో, ఎవరి కోపం ఎలాంటిదో, ఎవరు రాత్రి తాగి వస్తారో పాస్టర్‌గారికి తెలుసు. విశ్వాస సంస్థకు నిజమైన ఆస్తి ఈ ఎరుక. దాన్ని పక్కన పెట్టి, ఏ కాంట్రాక్టరైనా కట్టగల శ్లాబు కడుతున్నాం.

ఇందుకు వచ్చే జవాబు నాకు తెలుసు. ఇంట్లో సవతి తండ్రి కొడతాడు, పిన్ని అంట్లు తోమిస్తుంది, పెంపకానికి తీసుకున్నవారు పనిపిల్లగా మారుస్తారు, ఆశ్రమంలో కనీసం నాలుగు కళ్ళు చూస్తుంటాయి అంటారు. ఆ భయం నిజమైనదే. అలాంటి ఇంటి నుంచి వచ్చిన బిడ్డను వెనక్కి పంపమని నేను అనను, ఆ బిడ్డకు ఆశ్రమం తలుపు తెరిచే ఉండాలి. అయితే భయానికి మందు నెలనెలా ఆ ఇంటికి వెళ్ళి చూసే మనిషి. మూడో అంతస్తుకు వాచ్‌మన్‌ను పెట్టగలిగిన సంస్థ, ఇళ్ళు తిరిగే ఇద్దరు అక్కలకు జీతం ఇవ్వలేదా?

లెక్క వేద్దాం. ఆ అంతస్తుకు యాభై లక్షలు అవుతుందనుకుందాం. నెలకు 4,000 చొప్పున ఒక బిడ్డకు ఏడాదికి 48,000. పదిమంది పిల్లలకు పదేళ్ళు ఇస్తే 48 లక్షలు. ప్రభుత్వ సాయం అందనివారికి అంతే మొత్తం సంఘమే ఇచ్చినా, పదిమంది ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా తల్లి పక్కన పడుకుని చదువుకోవచ్చు. పద్దెనిమిది నిండిన రోజున ఆశ్రమం నుంచి బయటికి వచ్చే పిల్లల అవస్థ కూడా వీళ్ళకు ఉండదు. ఆధార్‌లో ఆశ్రమం చిరునామా, రేషన్ కార్డులో పేరు లేదు, కుల ధ్రువపత్రానికి తండ్రి ఊరు తెలియదు. ఆ వయసు తర్వాత 21 ఏళ్ళ వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు, అనంతర సంరక్షణ ఇవ్వాలని నియమాలు చెబుతున్నాయి. ఆ మాట మన ఆశ్రమాల వార్షిక నివేదికల్లో వెతికి చూడండి.

అసలు తల్లులు ఎందుకు వెళ్ళిపోతున్నారు? నా మనసు ఎప్పుడూ అక్కడికే పోతుంది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయి ఈ నేలను ధాన్యాగారం చేసింది. భూమిలేని స్త్రీకి ఆ ధాన్యాగారంలో దక్కింది రెండే: నాట్లు, కలుపు. భీమవరం, ఆకివీడు, ఉండి చుట్టూ పొలాలు చెరువులైనప్పుడు ఆ రెండూ పోయాయి. చేపకు నాటు లేదు, రొయ్యకు కలుపు లేదు. రొయ్యల ప్లాంట్లలో కొందరికి పని దొరికిన మాట నిజమే, పోయిన పనిదినాలకు అది సాటిరాదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు ఆ పంట వేయబోమని పంట విరామం ప్రకటించినప్పుడు రైతు గోడు దేశమంతా వినిపించింది. వినిపించవలసిందే. ఆ సీజను కూలి కోల్పోయిన ఆడవాళ్ళు ఏమయ్యారని ఎవరూ అడగలేదు. ఏజెంటు అడిగాడు. పాస్‌పోర్టుకు ఫోటో దిగమన్నాడు.

పదో తరగతి లేని స్త్రీ గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళాలంటే ముప్పై ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. ఆమె రక్షణ కోసం పెట్టినదే. ముప్పై నిండిన డెల్టా స్త్రీకి పిల్లలు ఎనిమిదేళ్ళవారో పదేళ్ళవారో అయి ఉంటారు. బోర్డింగులో చేర్చే ఈడు అదే. తల్లి విమానం ఎక్కే వయసూ బిడ్డ ట్రంకు పెట్టె సర్దుకునే వయసూ ఒక్క ఏడాదిలో పడుతున్నాయి. ఆశ్రమాల ఎదుగుదలకు మూలం ఇక్కడుంది. చెరువు గట్టు మీద మొదలైన గొలుసుకు చివరి కొక్కెం ఆ మూడో అంతస్తు. మనం కొక్కేనికి రంగు వేస్తున్నాం.

ఇదే నేల మీద, ఇదే విశ్వాసం ఒకప్పుడు మరోలా పనిచేసింది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళ చేతికి సూది, దారం ఇచ్చి లేసు అల్లిక నేర్పారు. ఇంటి అరుగు మీద కూర్చుని, బిడ్డ కళ్ళ ముందు ఆడుకుంటుండగా చేసే పని. దళారులు ఆ చేతులకు దక్కనిచ్చింది బహు తక్కువ, అది వేరే దుఃఖం. అయినా ఆ అల్లిక నేటికీ బతికి ఉంది, రుస్తుంబాదలో లేసు పార్కు ఉంది, నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మధ్యలో దళారి లేకుండా ఆ లేసును కొని అమ్మే పని మన సంస్థలు ఎందుకు పూనుకోవు? ముప్పైమంది తల్లులు ఊళ్ళోనే ఉండిపోయేంత కూలి గిట్టితే, యాభైమంది పిల్లలకు మంచాలే అక్కర్లేదు.

ఇది క్రైస్తవ సంఘాలకే చెప్పే మాట కాదు. మఠాలకూ, ట్రస్టులకూ, మదరసాలకూ వర్తిస్తుంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఆకలిగా వచ్చినవారికి తన ఇంటి వంటతోనే పెట్టారు. ఈ రోజు బడి భోజనానికి ఆమె పేరు పెట్టుకున్నాం. ఆ భోజనం తిని పిల్లవాడు సాయంత్రం ఇంటికి వెళ్తాడు.

నరసాపురం సంఘ పెద్దలకు నా మనవి ఇది. కానుకల పెట్టె ఇంకా తెరవలేదని విన్నాను. తెరిచే ముందు ఆశ్రమం పడకగదిలోకి ఒకసారి వెళ్ళండి. గోడ వార ట్రంకు పెట్టెలుంటాయి. ప్రతి మూత మీదా పేరు కింద ఒక ఊరి పేరుంటుంది. ఆ ఊళ్ళు కాగితం మీద రాసుకోండి, నలుగురు నలుగురుగా పంచుకోండి, సోమవారం ఉదయం మొదటి బస్సు ఎక్కండి.