వాలెరీ లోలాకులు, ఒతెసానెక్ ఆకలి: చెక్ సర్రియలిజం తెరకెక్కిన తీరు

నిద్రపోతున్న ఒక అమ్మాయి చెవుల లోలాకులను ఓ కుర్రవాడు కాజేస్తాడు. కాసేపటికి అవే లోలాకులు మళ్లీ ఆమె చేతికి వస్తాయి. 1970లో చెక్ దర్శకుడు యారొమిల్ యిరెష్ తీసిన ‘వాలెరీ, ఆమె అద్భుతాల వారం’ దాదాపు ఇలా మొదలవుతుంది. ఆ అమ్మాయి కల ఇక్కడ మొదలైంది, ఇక్కడ ముగిసింది అని సినిమా ఎక్కడా గీత గీయదు. తెల్లగా పాలిపోయిన ముఖంతో తిరిగే నాయనమ్మ ఉన్నట్టుండి పడుచుపిల్లగా మారి తిరిగొచ్చినా, ఊళ్లోకి రక్తపిశాచి దిగినా, వాలెరీని చితిమీద నిలబెట్టినా, వీటన్నిటికీ లోలాకులకు ఉన్నంత బరువే ఉంటుంది. చేత్తో పట్టుకోవచ్చు అనిపిస్తుంది. సర్రియలిస్టు రచనను, అంటే కలనీ నిజాన్నీ విడదీయకుండా కలిపి చూపే రచనను, తెరకెక్కించడంలో కష్టమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ‘ఇదంతా కల’ అని ప్రేక్షకుడికి భరోసా ఇచ్చిన క్షణాన ఆ రచన చచ్చిపోతుంది.

తెలుగులో సర్రియలిజం అనగానే శ్రీశ్రీ గుర్తొస్తాడు, ఆయన వెనకాల పారిస్ గుర్తొస్తుంది. చెక్ రాజధాని ప్రాగ్ మాత్రం గుర్తురాదు. కానీ 1934లోనే అక్కడ కవి వీట్యెస్లావ్ నెజ్వల్ చొరవతో సర్రియలిస్టు బృందం ఏర్పడింది. మరుసటి ఏడాది ఫ్రెంచి సర్రియలిస్టు కవులు ఆంద్రే బ్రెతోఁ, పాల్ ఎలువార్ స్వయంగా ప్రాగ్ వెళ్లారు. అదే 1935లో నెజ్వల్, యిరెష్ సినిమాకు మూలమైన ‘వాలెరీ’ నవల రాశాడు. అది అచ్చయింది మాత్రం పదేళ్ల తర్వాత, 1945లో, నాజీ ఆక్రమణ ముగిశాక.

ఆ పదేళ్లలో చాలా జరిగింది. నెజ్వల్ గట్టి కమ్యూనిస్టు. 1938లో బృందాన్ని రద్దు చేస్తున్నానని ప్రకటించాడు. విమర్శకుడు కారెల్ తాయ్గె, చిత్రకారిణి తోయెన్ వంటి సహచరులు ఒప్పుకోలేదు, ఆయన లేకుండానే కొనసాగారు. యుద్ధం తర్వాత నెజ్వల్ సమాచార శాఖలో సినిమా విభాగానికి అధిపతి అయ్యాడు, స్టాలిన్ మీద దీర్ఘకవిత రాశాడు. సర్రియలిస్టులకు దగ్గరివాడైన జావిష్ కలాండ్రాను 1950లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఉరితీసింది. పత్రికల్లో దాడులు, వేధింపుల నడుమ తాయ్గె 1951లో గుండె ఆగి చనిపోయాడు. ఈ చరిత్ర తెలిశాక ‘వాలెరీ’ చదవడం నాకు కష్టంగానే ఉంటుంది. ఇంత స్వేచ్ఛగా ఊహించగలిగిన మనిషే ఆ వ్యవస్థలో పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. దీన్ని దాటవేసి నవలను మాత్రమే పొగడటం సరికాదు.

నవల దగ్గరికొస్తే, అందులో ఒక విశేషం ఉంది. చదవకముందు అది అర్థంకాని వాక్యాల గుట్ట అనుకుంటాం. తీరా చూస్తే చవక భయానక నవలల పద్ధతిలో, చకచకా సాగే కథ. రహస్య సొరంగాలు, మాయమైన తండ్రి, పాపపు పాదిరీ, తర్వాత ఏమవుతుందోనన్న టెన్షన్. నెజ్వల్ ఆ పాత కథలను ఎగతాళి చేయలేదు, ప్రేమించాడు. సంతలో అమ్మే పుస్తకాల కథాశిల్పాన్ని తీసుకుని, అందులో వయసుకొస్తున్న ఆడపిల్ల భయాన్ని, కుతూహలాన్ని నింపాడు.

యిరెష్ ఆ వేగాన్ని వదిలేశాడు. సంభాషణలు బాగా తగ్గించాడు. ఎవరు ఎవరికి తండ్రి, ఎవరు ఎవరిని మోసం చేశారు అన్న లెక్కలు తెరమీద తేలవు. అందుకే సినిమా నవల కంటే ఎక్కువ సర్రియలిస్టుగా కనిపిస్తుంది. ఈ మార్పులో నటీనటులు, దర్శకుడి కంటే ఎక్కువ పేరు దక్కాల్సింది ఎస్తెర్ క్రుంబాహోవాకి. స్క్రిప్టులో, దృశ్య రూపకల్పనలో ఆమె చేయి ఉంది. తెల్ల బట్టలు, తెల్ల గది, ఒక పువ్వు మీద పడిన రక్తపు చుక్క: నెజ్వల్ పేజీల్లో పరిగెత్తించినదాన్ని ఆమె రంగుల్లో నిలబెట్టింది. లుబోష్ ఫిషెర్ సంగీతం, చర్చి పాటలా, జోలపాటలా వినిపిస్తూ, మిగిలిన పని చేసింది.

ఒక అభ్యంతరం మాత్రం చెప్పాలి. వాలెరీ పాత్ర వేసిన యారొస్లావా షల్లెరొవాకి అప్పటికి పదమూడేళ్లు. పెద్దవాళ్ల కాంక్ష నుంచి తప్పించుకునే పిల్ల కథ ఇది. కానీ కెమెరా కొన్నిచోట్ల ఆ పెద్దవాళ్ల పక్కనే నిలబడి చూస్తుంది. కాలం వేరు అని సర్దుకుపోవడం నాకు చేతకాదు.

కాలం నిజంగానే వేరు, ఇంకో రకంగా. 1968 ఆగస్టులో సోవియట్ నాయకత్వంలోని వార్సా ఒప్పంద సేనలు చెకోస్లోవేకియాలోకి వచ్చాయి. యిరెష్ ‘వాలెరీ’కి ముందు తీసిన ‘ది జోక్’, మిలాన్ కుందేరా నవల ఆధారంగా వచ్చిన రాజకీయ చిత్రం, నిషేధానికి గురై సుమారు ఇరవై ఏళ్లు డబ్బాల్లో మూలిగింది. ‘వాలెరీ’ మాత్రం ఆ గతి తప్పించుకుంది. విలన్లుగా పిశాచీ, పాదిరీ ఉన్న కథలో అధికారులకు తమ ముఖం కనిపించి ఉండదని నా అంచనా. పైగా మూల రచయిత వాళ్ల మనిషే.

అదే 1970లో మరో చెక్ దర్శకుడు యాన్ ష్వాంక్‌మాయెర్, ఆయన భార్య ఎవా ప్రాగ్ సర్రియలిస్టు బృందంలో చేరారు. అప్పటికి దాన్ని నడిపిస్తున్నది వ్రాతిస్లావ్ ఎఫెన్‌బెర్గర్. ఆ దశాబ్దంలో కొన్నేళ్లు ష్వాంక్‌మాయెర్‌ని సినిమా తీయనివ్వలేదు. ఆయన ఊరుకోలేదు. కళ్లతో కాక చేతులతో తాకి తెలుసుకునే కళాఖండాలు చేశాడు. 1988లో లూయిస్ కారోల్ కథతో ‘ఆలిస్’ తీసినప్పుడు ఆ స్పర్శంతా అందులోకి వచ్చింది. కుందేలు నిజం కుందేలే, చంపి రంపపు పొట్టు కూరిన బొమ్మ. కడుపు చిరిగి పొట్టు కారిపోతుంటే దాన్నే తిని మళ్లీ నింపుకుంటుంది. అద్భుతలోకానికి దారి ఒక మేజా సొరుగు. గొంగళిపురుగు ఒక మేజోడు, దానికి కట్టుడుపళ్లు. యిరెష్ వెలుతురుతో చేసిందాన్ని ఈయన ఇంట్లోని పాత సామానుతో చేశాడు. నాకు ఈయన దారే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే ఇందులో అందం వెనక దాక్కునే వీలు లేదు.

ఆ దారి చివరికి ఎక్కడికి చేరుతుందో 2000లో వచ్చిన ‘ఒతెసానెక్’ చూపిస్తుంది. 19వ శతాబ్దపు కవి కారెల్ యారొమీర్ ఎర్బెన్ సేకరించిన జానపద కథ దీనికి మూలం. పిల్లలు లేని దంపతులు చెట్టు మొద్దును బిడ్డలా పెంచుతారు. దానికి ప్రాణమొస్తుంది, ఆకలి తీరదు, కన్నవాళ్లతో సహా అందరినీ మింగుతుంది. ష్వాంక్‌మాయెర్ దీన్ని నేటి అపార్ట్‌మెంటులోకి తెచ్చాడు. భార్య గర్భం నటించడానికి నెలనెలకీ ఒక కొత్త సైజు దిండు కట్టుకుంటుంది. పక్కింటి చిన్నపిల్ల అల్జ్‌బ్యెత్కా ఆ కథ పుస్తకం చదివి, జరగబోయేదంతా ముందే తెలుసుకుంటుంది. పెద్దవాళ్లెవరూ ఆమె మాట పట్టించుకోరు. ఎవా గీసిన బొమ్మలతో పాత కథ కూడా మధ్యమధ్యలో తెరమీద నడుస్తుంది.

కథలో ముసలమ్మ తన క్యాబేజీ తిన్నందుకు పారతో మొద్దు కడుపు చీలుస్తుంది, మింగినవాళ్లంతా క్షేమంగా బయటికొస్తారు. సినిమాలో ముసలామె పార పట్టుకుని నేలమాళిగ మెట్లు దిగుతుంది. సినిమా అక్కడే ఆగిపోతుంది. కింద ఏం జరిగిందో చూపించరు, ఎవరూ పైకి రారు.