ప్రీమియం గిఫ్ట్ బాక్సు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్రీమియం గిఫ్ట్ బాక్సు గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ ఇక్కడ కుశలం ఒకవైపే ఉంది. మీ మీద గీత కూడా పడలేదు. మీ లోపల ప్రయాణం చేసిన కొండపల్లి అంబారీ ఏనుగు మీంచి మావటి మాత్రం ఒక చెయ్యి ఊడి, ఒంటిచేత్తో దిగాడు.

మిమ్మల్ని తెరవడమే ఒక వ్రతం. పైన మామూలు అట్టపెట్టె, దానిలో బబుల్ షీటు, దాని కింద సాటిన్ రిబ్బను. అదీ విప్పితే నల్లటి మందపాటి అట్ట మీద బంగారు అక్షరాలతో తమరు. మూతకి అయస్కాంతం కూడానట! ఆ 'టక్' చప్పుడు కోసం మా పిల్లలు మిమ్మల్ని పూటంతా తెరిచి మూశారు. బొమ్మ ఊసెత్తినవాళ్లు లేరు. పైన పటారం, లోన లొటారం అని తిట్టి ఊరుకుందామంటే ఆ అవకాశమూ ఇవ్వలేదు మీరు. లోపలిది అసలు సిసలు సరుకాయె.

ఆ సరుకు ఎలా తయారవుతుందో మీకెవరూ చెప్పినట్టు లేదు. కొండపల్లి బొమ్మకి వాడేది తెల్ల పొణికి. చాలా తేలికైన, మెత్తటి కర్ర. బొమ్మ మొత్తం ఒకే చెక్కలోంచి రాదు. భాగాలు విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించి, ఆపైన రంగులు వేస్తారు. అంటే ఊడితే అతుకు దగ్గరే ఊడుతుంది. ఈ సంగతి తెలిసిన పెట్టె అయితే ఏనుగుని పొట్ట దగ్గర, కాళ్ల దగ్గర పట్టుకుని, మావటి చేతుల చుట్టూ, ఏనుగు తొండం చుట్టూ ఏదీ తగలకుండా చోటు వదులుతుంది. దానికి బంగారు రేకు అక్కర్లేదు, అట్టలో నాలుగు కోతలు, రెండు మడతలు చాలు. మీరేమో రంగు కాగితం పీచు గుప్పించి, ఇక నీ అదృష్టం అని వదిలేశారు. కొరియర్ బండి గుంతలో పడ్డప్పుడల్లా పీచు పైకి, ఏనుగు అడుక్కి.

యూరప్‌లో 2025లో అమల్లోకొచ్చిన ప్యాకేజింగ్ చట్టం గురించి విన్నారా? ఈ దశాబ్దం చివరికల్లా ఆన్‌లైన్ పార్సెల్లో ఖాళీ జాగా సగానికి మించకూడదట. అసలు తమాషా ఏమిటంటే, లోపల కుక్కిన కాగితం పీచు, గాలి సంచులు, బబుల్ షీట్లు కూడా ఆ లెక్కలో ఖాళీ కిందకే వస్తాయి. మీరు అక్కడ పుట్టి ఉంటే మీ పరువేం కాను!

మీ వంశమే అంతలెండి. మీ అన్నగారు స్వీటు డబ్బా, తూకంలో కాజూ కట్లీతో పాటు తనూ కూర్చుని, అట్టని కాజూ కట్లీ ధరకి అమ్మించిన ఘనుడు. తూనికలు కొలతల శాఖ వాళ్లు ఎన్నిసార్లు కేసులు రాసినా పండగొస్తే మళ్లీ కాటా ఎక్కుతాడు.

అందంగా ఉండొద్దని ఎవరన్నారు? పూతరేకు చూడండి. గట్టిగా ముట్టుకుంటే విరుగుతుంది, తేమ తగిలితే మెత్తబడుతుంది. ఆత్రేయపురంలో దాన్ని కాగితంలో చుట్టి, కదలడానికి చోటు లేకుండా అట్టడబ్బాలో పక్కపక్కనే పేరుస్తారు. ఊళ్లు దాటినా రేకు రేకులాగే ఉంటుంది. ఆవకాయ జాడీకి అమ్మమ్మ కట్టే వాసెన మాత్రం తక్కువదా? పాత పంచె ముక్క, కాస్త తాడు. ఇప్పుడు అదే ఆవకాయ నూనె బొట్టు కారకుండా అమెరికా చేరుతోంది. ప్యాక్ చేసే కొరియర్ కుర్రాడు ముందు అడిగేది "నూనె ఎంత పోశారండీ?" అని. మిమ్మల్ని గీసిన డిజైనరు ఎప్పుడైనా ఇలాంటి ప్రశ్న అడిగాడా?

మీలో ఒక కార్డు కూడా ఉంది. దాని మీద 'తరతరాల వారసత్వం', 'ఆత్మ', 'మట్టి వాసన'. (కర్రబొమ్మకి మట్టి వాసన!) ఎం.ఆర్.పి., నెల, ఏడాది, ఫిర్యాదు నంబరు, అన్నీ చట్టం చెప్పినట్టే అచ్చయ్యాయి. బ్రాండు పేరైతే ఐదు చోట్ల. ఆ ఏనుగుని చెక్కినాయన పేరు ఒక్కచోటా లేదు. 'మాస్టర్ ఆర్టిజన్' అట. మా వీధిలో ఇస్త్రీ చేసే ఆయన కూడా సంచి మీద తన పేరు రాసి పంపుతాడండీ.

మీరు లేకపోతే బొమ్మకి ఆ ధర రాదని మీ తరఫువాళ్లు అంటారు. కావచ్చు. నల్ల డబ్బాలో పెడితే ఏదైనా ఖరీదుగానే కనిపిస్తుంది. మరి ఆ పెరిగిన ధరలో మీ వాటా ఎంత, మక్కు కలిపిన చేతుల వాటా ఎంత? అంత పెద్ద మూత ఉంది కదా, లోపలివైపు ఆ లెక్క అచ్చు వేయించండి. చదివి పెడతాం.

ఇట్లు,
మావటి తరఫున ఒక కొనుగోలుదారు

తా.క.: మిమ్మల్ని పారేయలేదు, అటకెక్కించాం. వచ్చే గృహప్రవేశానికి ఎవరింటికో వెళ్తారు. లోపల స్టీలు గిన్నె పెడతాం. మీ చేతిలో పడి బతికి బట్టకట్టేది అదొక్కటే.