ఎదురెదురు రంగులు వేస్తే ఇల్లు అందంగా కుదురుతుందా?

ఇంటికి రంగులు వేయించాలనుకునే ప్రతి ఒక్కరికీ ఈమధ్య ఒకే సలహా చేరుతోంది. "రంగుల చక్రంలో, అంటే రంగులను గుండ్రంగా పేర్చిన పటంలో, ఎదురెదురుగా ఉన్న రెండు రంగులు తీసుకోండి. గదిలో ముఖ్యమైన రంగు నూటికి అరవై, రెండోది ముప్పై, మెరుపు కోసం ఇంకొకటి పది పాళ్లలో వాడండి. చిన్న గదికి తెలుపే వేయండి. పడకగదికి నీలం వేస్తే మనసు నెమ్మదిస్తుంది." వినడానికి బాగుంది. కానీ దీన్ని నమ్మి గోడలన్నీ వేయించాక బాధపడేవాళ్లను చూస్తుంటే మాట్లాడకుండా ఉండలేకపోతున్నాను.

ఎదురు రంగుల సంగతి చూద్దాం. అసలు ఏ చక్రంలో ఎదురు? చిత్రకారుల చక్రంలో ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ. ఫోన్ తెర వాడే కాంతి చక్రంలో అదే ఎరుపుకు ఎదురు నీలం కలిసిన పచ్చ. పైగా చక్రంలో కనిపించేది రంగు పేరు ఒక్కటే. అమెరికా చిత్రకారుడు ఆల్బర్ట్ మన్‌సెల్ 1905లోనే రంగును మూడు కొలతల్లో చూపించాడు: అది ఏ రంగు, ఎంత లేత, ఎంత గాఢం. నిండు ఎరుపు పక్కన నిండు ఆకుపచ్చ పెడితే వాటి అంచు దగ్గర చూపు నిలవదు. ఎరుపును ఇటుక రంగుకు, పచ్చను ఎండుటాకు ఛాయకు దించండి, రెండూ హాయిగా ఇమిడిపోతాయి. గదిని నిలబెట్టేవి చాలావరకు ఆ మిగతా రెండు కొలతలే.

పక్క రంగు చేసే పని ఇంకా ముఖ్యం. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో నల్ల దారం వెలవెలబోతోందని ఫిర్యాదులొస్తే, రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ పరీక్షించి అద్దకంలో లోపం లేదని తేల్చాడు. పక్కనున్న నీలం, ఊదా దారాల వల్ల నలుపు అలా కనిపించింది. ఆ పరిశీలనలను 1839లో పుస్తకంగా తెచ్చాడు. మా ఇంట్లో బూడిద రంగు సోఫా గుడ్డ ముక్కను ఆకుపచ్చ గోడకు ఆనించి చూశాను. లేత గులాబి జీర కనిపించింది. చేతిలోకి తీసుకుంటే మళ్లీ మామూలు బూడిదే.

చిన్న గదికి తెలుపు? తెలుపు తన మీద పడిన వెలుగునే తిప్పి పంపుతుంది, కొత్తగా పుట్టించదు. కిటికీ సరిగా లేని గదిలో ఆ తెలుపే మూలల్లో మాసిన బూడిదలా తేలుతుంది.

పాళ్ల లెక్కతో నాకు పేచీ లేదు, వాడుకోండి.

రంగు మనసును శాసిస్తుందన్నదే అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయిన నమ్మకం. 1979లో అమెరికాలోని సియాటిల్‌లో నౌకాదళ నిర్బంధ గదికి ఒక రకం గులాబి రంగు వేసి, ఖైదీల కోపం తగ్గిందన్నారు. 2015లో వెలువడిన స్విట్జర్లాండ్ జైలు పరీక్షలో గులాబి గదికీ తెల్ల గదికీ తేడా కనిపించలేదు. నీలం మీకు ఇష్టమైతే వేసుకోండి, నిద్ర కోసం మాత్రం వద్దు.

ఆ సలహాలో ఎక్కడా లేని మాట దీపం. బల్బు వెలుగు ఛాయను కెల్విన్లలో చెబుతారు. 2700 కెల్విన్ బల్బు పసుపు వెలుగు కింద వెచ్చగా ఉన్న రంగు 6500 కెల్విన్ నీలి తెలుపు వెలుగులో పాలిపోతుంది. అందుకే ముందు బల్బు ఖాయం చేసుకోండి. షేడ్ కార్డు మీది చిన్న ముక్కను చూసి తేల్చుకోవద్దు. నాలుగు గోడలూ ఒకదాని వెలుగును మరొకదాని మీదకు తోస్తాయి కాబట్టి అదే రంగు గదిలో ఇంకా గాఢంగా కనిపిస్తుంది. పెద్ద అట్టకు రెండు కోట్లు వేసి, ఒక్కో గోడకూ ఆనించి, పొద్దునా సాయంత్రం దీపం పెట్టాకా చూడండి. సోఫా గుడ్డ, కర్టెన్ గుడ్డ కూడా పక్కనే పెట్టుకోండి.