నోరు లేని జీవం

విజయనగరంలో ఓ రిటైర్డు లెక్కల మేష్టారి ఇంట్లో కొన్నాళ్లుగా ఒకటే కంపు. వీధి కాలవేనని అర్జీ పెట్టారు. కాలవ తీశారు, కంపు పోలేదు. ఎలక చచ్చిందేమోనని బీరువాలు జరిపారు. ఎలకా లేదు. ఓ సాయంత్రం సోఫా కింద టైగర్ ఆవలించింది, గుట్టు బయటపడింది. టైగర్ అంటే నాలుగు కిలోల పామరేనియన్ కుక్క. వయసు 8 ఏళ్లు.

పెదవి ఎత్తి చూస్తే పైదవడలో వెనకున్న పెద్ద పన్ను మీద గోధుమరంగు గార పెచ్చు కట్టి ఉంది. గార అక్కడే ఎక్కువ పడుతుంది, ఎందుకంటే లాలాజలం గొట్టం సరిగ్గా ఆ పన్ను దగ్గరే తెరుచుకుంటుంది. తోమకుండా వదిలేసిన పాచి రెండు మూడు రోజుల్లో గట్టిపడి గారవుతుంది. పాచి బ్రష్షుకి లొంగుతుంది, గార లొంగదు. ఈ తేడా మేష్టారు ఒప్పుకోలేదు. తన టూత్‌పేస్టు పట్టుకుని బయల్దేరితే కోడలు లాక్కుంది. మనం పేస్టు ఉమ్మేస్తాం, కుక్కకి ఉమ్మడం రాదు మరి. కొన్ని పేస్టుల్లో జైలిటాల్ అనే తీపి సరుకుంటుంది. అది మింగితే కుక్క రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, లివరు కూడా పాడవచ్చు. కుక్కల పేస్టు వేరే దొరుకుతుంది, కోడిమాంసం రుచితో. మింగినా ఫర్వాలేదు.

పక్కింటాయన మరో వైద్యం చెప్పాడు. “పేస్టులేటండీ! ఒక బొమిక పడీండి, గారంతా అదే ఊడిపోద్ది.”

ఊడింది. గారతో పాటు ఆ పెద్ద పన్నులో ఓ చెక్క కూడా ఊడింది. గోరుతో నొక్కితే సొట్టపడని వస్తువేదీ కుక్క నోటికి ఇవ్వకూడదన్నది ఈ విద్యలో మొదటి పాఠం. బొమికలు, డెక్కలు, కొమ్ములు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

విరిగిన ఈ పన్నుకి మూడు వేళ్లుంటాయి. లోపలి గుజ్జు బయటపడితే రూట్ కెనాల్ చెయ్యాలి, కాకపోతే పీకెయ్యాలి. ఏదన్నదీ ఎక్స్‌రే తీస్తే గాని తెలీదు. నోట్లో ఎక్స్‌రే ఫలక పెట్టుకుని కదలకుండా కూర్చునే కుక్క ఇంకా పుట్టలేదు కాబట్టి మత్తు తప్పదు. మత్తు లేకుండా గీకేసే వాళ్లూ ఉన్నారు. పైకి కనిపించే తెలుపు మిగులుతుంది, చిగురు కిందున్న అసలు జబ్బూ మిగులుతుంది. పైగా గార తీసే యంత్రం నీళ్లు చిమ్ముతుంది. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోకుండా గొంతులో గొట్టం పెట్టి, దాని చుట్టూ చిన్న బుడగ ఊదుతారు. మెలకువగా ఉన్న టైగర్ గొంతులో ఎవరు పెడతారు గొట్టం?

విశాఖలో డాక్టరు గారు రోజు ఇచ్చారు. రక్తపరీక్షలు బాగున్నాయి. షరతు ఒక్కటే: రాత్రి 10 తర్వాత మెతుకు ముట్టకూడదు. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి జారిపోగలదు. మేష్టారు వంటింటి తలుపు మీద చాక్‌పీసుతో “టైగర్‌కి ఉపవాసం” అని రాశారు. ఇంట్లో చదువు రానిది మామ్మకొక్కర్తికే. ఆవిడకి నోటితో చెప్పారు.

“ఒలమ్మ, నోరు లేని జీవం! ఉపాసాలేటిరా దానికి?” అంది మామ్మ.

“నోరుంది కాబట్టే కదా ఈ గొడవంతా,” అంది కోడలు.

పొద్దున్నే కారు కదిలింది. తగరపువలసలో టీకి ఆగారు. ఆస్పత్రిలో కాగితం మీద “ఆఖరి భోజనం ఎప్పుడు?” అన్నచోట మేష్టారు గుండ్రటి అక్షరాలతో “రాత్రి 9.30” అని రాసి, కింద గీత కూడా గీశారు.

మత్తుకి ముందు జైలజీన్ సూది ఇచ్చారు. దీనికో గుణం ఉంది: కడుపులో ఉన్నదాన్ని చాలాసార్లు బయటికి తెప్పిస్తుంది. అయిదు నిమిషాల్లో టైగర్ సాక్ష్యం చెప్పడం మొదలెట్టింది.

మొదట బిస్కెట్టు ముక్కలు. తగరపువలస. మనవడు కిటికీలోంచి చూడ్డం మొదలెట్టాడు.

తర్వాత ఉప్మా, ఉల్లిపాయలతో సహా. ఉపవాసం మాట అటుంచి, ఉల్లిపాయ ఏ రోజూ కుక్కకి పెట్టేది కాదు, రక్తకణాల్ని తినేస్తుంది.

“నానేటి సేత్తాను బాబూ! డొక్కలు ఎండిపోనాయి,” అంది మామ్మ.

“ఈ ఇంట్లో ఒక్కరికీ మాట మీద నిలబడ్డం రాదు,” అని మేష్టారు గొంతు పెంచారు. “మీకందరికీ బుద్ధి...”

టైగర్ ఇంకోసారి వంగింది. ఈసారి టీలో నాని మెత్తబడ్డ చెగోడీ.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ ఇంట్లో చెగోడీల్ని అందరూ కరకరా నములుతారు, మామ్మతో సహా. కట్టుడు పళ్లు పెట్టుకోకముందు, తెల్లారుజామున, టీలో నానేసుకుని తినేది ఒక్కరే.

డాక్టరు గారు ఇవాళ కుదరదని, నొప్పికి మందు రాసి, వచ్చే గురువారం రమ్మన్నారు. కాగితంలో “రాత్రి 9.30” కొట్టేసి, పెన్ను మేష్టారి చేతికే ఇచ్చారు.