ఒకటికి డెబ్బై రెండో వంతు సీ హారియర్ గారికి

అయ్యా,

అట్టపెట్టెలో ముక్కలుముక్కలుగా మా ఇంటికి వచ్చిన తమరు జిగురు ఆరేసరికి 20 సెంటీమీటర్ల పొడవు తేలారు. మన నౌకాదళం నడిపిన అసలు యుద్ధవిమానం పద్నాలుగున్నర మీటర్లు. కంపెనీవారు అన్నీ 72వ వంతుకు కుదించారు కానీ తమ బింకాన్ని కుదించడం మరిచిపోయినట్టున్నారు.

తమ వంశం ప్రతిష్ఠ అంతా గాలిలో నిలబడటంలోనే ఉంది. గాలి చిమ్మే నాలుగు గొట్టాలు (నాజిళ్లు) కిందికి తిప్పి, పెగాసస్ ఇంజను చిమ్మే గాలి మీద ఆగి, ఓడ మీద నింపాదిగా దిగేవారు తమ పెద్దలు. తమరు బల్ల మీదే నిలబడలేకపోతున్నారు. పొట్ట కింద ముందొక కాలు, వెనకొక కాలు, రెక్కల చివర అగ్గిపుల్లల్లాంటివి రెండు. ముందు కాలిని గరుకు కాగితంతో రుద్దితే కుడి రెక్క కాలు లేచింది. దాన్ని సరిచేస్తే ఎడమది అలిగింది. మూడు వారాలుగా అది వెంట్రుకవాసి ఎత్తులోనే ఉంది.

పైగా గొంతెమ్మ కోరికలు. రంగు చిమ్మే యంత్రం కావాలి, తేమ తగలకూడదు, మబ్బు పడితే రంగు ఆరదు. తమవారు పనిచేసిన నౌకాదళ విమానదళం, 300వ స్క్వాడ్రన్ సంగతి ఒకసారి గుర్తుచేయమంటారా? 1960లో తమకు ముందు తరం యుద్ధవిమానాలైన సీ హాక్‌లతో మొదలైంది. 1971 యుద్ధానికి బయలుదేరిన విమానవాహక నౌక విక్రాంత్‌కు నాలుగు బాయిలర్లలో ఒకటి పగిలి ఉంది. పూర్తి వేగం అందుకోలేని ఆ ఓడ మీద నుంచే సీ హాక్‌లు లేచి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. వాటిలో ఏదీ మబ్బు పట్టిందని మొరాయించలేదు.

పెట్టెలోని స్టిక్కర్లన్నీ బ్రిటిష్ నౌకాదళానివే. కాబట్టి స్క్వాడ్రన్ గుర్తు తెల్లపులిని మూడు వెంట్రుకల కుంచెతో నేనే గీశాను. గ్రామసింహం వచ్చింది. క్షమించాలి.

1983 డిసెంబరు 16న మొదటి మూడు సీ హారియర్లు గోవాలోని డబోలింలో దిగాయి. 2016 మే నెలలో అక్కడే వీడ్కోలు జరిగింది. ఈ మధ్యకాలంలో సగానికి పైగా ప్రమాదాల్లో పోయాయి, కొన్ని పైలట్లతో సహా. పెట్టె మీది రంగుల బొమ్మలో ఆ ఊసే లేదు. కాక్‌పిట్‌లో గోరంత పైలట్‌ను కూర్చోబెట్టమని కాగితంలో రాశారు, కూర్చోబెట్టాను. ముఖం మాత్రం గీయలేదు. ఎవరిదని గీయను?

ఇక తమరు దిగడానికి ఓడ కూడా లేదు. పాత విక్రాంత్‌ను 2014లో ముంబైలో విరగ్గొట్టారు. మరో విమానవాహక నౌక విరాట్ 2020లో పాత ఇనుము కింద గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేరింది. తెల్లపులి పేరు మిగ్-29కె యుద్ధవిమానాలకు వెళ్లింది. విశాఖ బీచ్ రోడ్డు మ్యూజియంలో తమ అసలు సైజు అన్నగారి ముందు జనం ఫొటోలు దిగుతుంటారు. తమ దగ్గరికి మాత్రం శుక్రవారం పూట మా ఆవిడ దుమ్ముగుడ్డతో వస్తుంది. పోయినవారం ఆ గుడ్డకు చిక్కి ఊడిన యాంటెన్నా ఇంకా సోఫా కింద ఎక్కడో ఉంది.

ఇంతకూ ఈ ఉత్తరం ఎందుకంటే, కాగితం మందం సరిగ్గా సరిపోయేలా ఉంది. నాలుగు మడతలు పెట్టి తమ ఎడమ కాలి కింద దోపుతున్నాను. కాసేపు కదలకండి.

ఇట్లు,
జిగురు వేళ్లతో,
తమ నిర్మాత