డబ్బాలు, గుర్తులు, ఒక మహాకావ్యం

సుందరం: లక్ష్మీ! కంప్యూటర్ నా కావ్యాన్ని తినేసింది! ఫైలు తెరిస్తే అన్నీ ప్రశ్నార్థకాలే!

లక్ష్మి: చదివినవాళ్లకి వచ్చే సందేహాలే కదండీ, ముందుగానే వచ్చినట్టున్నాయి.

సుందరం: వేళాకోళం ఆపు. నా పాత పుస్తకం ఇచ్చినవాళ్ల జాబితా కూడా పాడైంది. ఇదిగో, చూడు.

లక్ష్మి: ముందు జాబితా సంగతి చూద్దాం, అది బతికే ఉంది. ఇంగ్లిష్ ‘ఏ’ నెత్తిన ఏటవాలు గీత, పక్కన డిగ్రీ గుర్తో ప్లస్ మైనస్ గుర్తో... వరస ఇదే కదా?

సుందరం: అవును. వైరస్సా?

లక్ష్మి: వైరస్ కాదు, తప్పు చదువు. ‘తెలుగు’ మన కంటికి 3 అక్షరాలు. కంప్యూటర్‌కి త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము... మొత్తం 6. యూటీఎఫ్-8లో, అంటే అన్ని భాషల అక్షరాల్నీ దాచే పద్ధతిలో, ఒక్కోదానికి 3 బైట్లు (కంప్యూటర్ దాచుకునే చిన్న ముక్కలు), వెరసి 18. ఆ మూడేసిని కలిపి చదవకుండా ఒక్కో బైటునీ ఒక్కో ఇంగ్లిష్ గుర్తనుకుంటే ఇలాగే ఉంటుంది. సీఎస్‌వీ (కామాలతో విడగొట్టిన జాబితా) ఫైల్ని డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచారా?

సుందరం: మరి కాలితో తెరవాలా?

లక్ష్మి: ఖాళీ షీటు తెరిచి, డేటాలో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001, అంటే యూటీఎఫ్-8, ఎంచుకోవాలి. ఇదిగో, మీ జాబితా. పుస్తకం తీసుకున్నది పదకొండు మంది, అందులో తొమ్మిది మంది మా వైపు వాళ్లే.

సుందరం: సంస్కారం ఉన్నవాళ్లు. మరి ముందుమాట తెరిస్తే అన్నీ ఖాళీ డబ్బాలే?

లక్ష్మి: అది రోగమే కాదు. అక్షరాలన్నీ లోపల భద్రంగా ఉన్నాయి, ఆ ఫాంట్‌లో తెలుగు బొమ్మల్లేవంతే. మొత్తం సెలెక్ట్ చేసి నిర్మలా యూఐ అనే ఫాంట్ పెట్టండి, పాత మిషన్ అయితే గౌతమి. వచ్చిందా? అయ్యో, ఇదేంటండీ, ‘సాఫ్ట్వేర్’ అని మూడంతస్తుల మేడ కట్టారు?

సుందరం: అదే వత్తులు పెట్టేసుకుంది! నేనేం చేయను?

లక్ష్మి: ట్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు పెట్టాలి. మీ ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డులో కంట్రోల్, షిఫ్ట్, 2 కలిపి నొక్కండి. కంటికి కనబడదు గానీ ‘సాఫ్ట్‌వేర్’ అని విడదీసి నిలబెడుతుంది. ఇద్దరి మధ్య అలాంటిదొకటి ఉంటే కాపురాలూ బాగుంటాయి.

సుందరం: సరేలే, ఇక నా కావ్యం బాగుచెయ్యి.

లక్ష్మి: నోట్‌ప్యాడ్‌లో దాచేటప్పుడు, అక్షరాల్ని ఏ పద్ధతిలో దాచాలో అడిగే ఎన్‌కోడింగ్ దగ్గర ఏముంది?

సుందరం: ఏఎన్‌ఎస్‌ఐ. ఏదో హెచ్చరిక వచ్చింది, ఓకే కొట్టాను.

లక్ష్మి: ఏమని వచ్చింది?

సుందరం: ఎవరు చదువుతారే అవన్నీ?

లక్ష్మి: ‘యూనికోడ్ అక్షరాలు పోతాయి’ అని, అంటే తెలుగూ పోతుందని, నోట్‌ప్యాడ్ మొత్తుకుంటే ‘అలాగే పోనీ’ అన్నారన్నమాట! మన మిషన్‌లో ఏఎన్‌ఎస్‌ఐ అంటే పాత పద్ధతి, అక్షరాలకి 256 గదులే, అందులో తెలుగుకి ఒక్కటీ లేదు. గది దొరకని ప్రతిదాన్నీ చెరిపేసి ప్రశ్నార్థకం పెట్టింది. ‘తెలుగు’ అని రాసినచోట ఆరు ఉంటాయి, లెక్కపెట్టుకోండి. ఫాంట్ మార్చినా, కన్వర్టర్ పెట్టినా రాదు. డబ్బాలొస్తే బతికినట్టు, డిగ్రీ గుర్తులొస్తే బతికినట్టు, ప్రశ్నార్థకాలొస్తే పోయినట్టే.

సుందరం: అందరి నోట్‌ప్యాడ్లూ ఇంతేనా?

లక్ష్మి: 2019లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1903 నుంచి కొత్త ఫైళ్లని తనంతట తానే యూటీఎఫ్-8లో దాస్తోంది. అప్‌డేట్ వద్దని పట్టుబట్టింది మీరేగా.

సుందరం: నాలుగొందల పద్యాలే!

లక్ష్మి: ఇంకెక్కడా కాపీ లేదా? ఆగండాగండి, పెన్‌డ్రైవ్‌లో వేసి మా తమ్ముడికి ఇచ్చారుగా, ‘చదివి బాగుపడు’ అని?

సుందరం: వాడితో నాకు మాటల్లేవు.

లక్ష్మి: పద్యాలూ లేవు.

సుందరం: (కాసేపు ఆగి) ...వాడి నంబరు చెప్పు.

లక్ష్మి: మీరే బ్లాక్ చేశారు. ముందు అది తియ్యండి.